గీత వదలని చేయి: నక్షాల నుంచి ప్రకృతి దృశ్యాలకు వచ్చిన ఒక చిత్రకారుడి కేస్ స్టడీ

ప్రకృతి దృశ్యాలు వేయడం నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది వేరే వృత్తిలో సగం జీవితం గడిపి వచ్చినవారే. ఆ వృత్తి అలవాట్లు కూడా వాళ్ల వెంటే వస్తాయి. వాటిని మాన్పించాలా, వాడుకోవాలా అన్నది ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న. ఈ కేసులో రెండు దారులూ తొక్కి చూశాం. ఏ దారి ఎక్కడ ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో బాగా తెలిసివచ్చింది కాబట్టి రాసి పెడుతున్నాను. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఆయన వయసు యాభై దాటింది. వృత్తిరీత్యా డ్రాఫ్ట్స్‌మన్. టీ స్క్వేర్, ట్రేసింగ్ పేపరు, ఇంకు పెన్నులతో మొదలుపెట్టి, నడివయసులో కంప్యూటర్‌కు మారారు. భూమి ఎత్తుపల్లాల నక్షాలు, కాలువల సెక్షన్లు (అడ్డంగా కోస్తే కనిపించే రూపాలు), కట్టడాల ప్లాన్లు గీయడం ఆయన పని. ఆర్ట్ కాలేజీలో చదవలేదు. బొమ్మలు వేసే అలవాటు మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది. ఉద్యోగం ముగిశాక రోజూ కుంచె పట్టడం మొదలుపెట్టారు.

మొదటి రోజు రెండు రకాల పనులు తెచ్చారు. ఒకటి, పాత స్కెచ్ పుస్తకాలు: సన్నని ఇంకు గీత, దాని మీద పల్చని వాటర్ కలర్. రెండోది, ఇటీవల వేసిన పెద్ద అక్రిలిక్ కాన్వాసులు. స్కెచ్ పుస్తకాలు నాకు నచ్చాయి. 18వ శతాబ్దపు ఇంగ్లండులో స్థలచిత్రాలు (ఒక చోటును ఉన్నదున్నట్టు చూపే బొమ్మలు) గీసినవారి పద్ధతి దాదాపు ఇదే: ముందు గీత, తర్వాత బూడిదరంగు వాష్ (పల్చని పూత), చివర కాస్త రంగు. ఆ వరసలో పేరున్న పాల్ శాండ్‌బీ కూడా డ్రాఫ్ట్స్‌మనే. స్కాట్లండులో 1747లో మొదలైన సైనిక సర్వేలో నక్షాలు గీసి, తర్వాత వాటర్ కలర్ దృశ్యచిత్రాలకు పేరుపొంది, 1768లో లండన్‌లోని కళాసంస్థ రాయల్ అకాడమీ వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరయ్యాడు. ఈ సంగతి చెబితే ఆయన పెద్దగా పట్టించుకోలేదు. "అవి ఉద్యోగం బాపతు బొమ్మలండీ. అసలు బొమ్మలు ఇవి" అంటూ కాన్వాసులు ముందుకు జరిపారు.

ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను. దాని విలువ కొన్ని నెలల తర్వాత తెలిసింది.

ఆయన చెప్పిన సమస్య, కనిపించిన సమస్య

"ఆకుపచ్చలు కుదరడం లేదు. ఎన్ని కొన్నా ప్లాస్టిక్ చెట్లలా వస్తున్నాయి." ఇదీ ఆయన ఫిర్యాదు. రంగుల పెట్టెలో థాలో గ్రీన్, సాప్ గ్రీన్, విరిడియన్, ఇంకా ఏవేవో ఆకుపచ్చ ట్యూబులు కిక్కిరిసి ఉన్నాయి.

రంగు గురించి ఫిర్యాదు వస్తే నేను మొదట రంగు తీసేసి చూస్తాను. పెద్ద కాన్వాసును ఫోనుతో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చాం. ఆకాశం తప్ప మిగతాదంతా ఇంచుమించు ఒకే బూడిద. దగ్గరి గడ్డి, నడిమి చెట్లు, వెనక కొండ, మూడింటికీ ఒకే టోన్, అంటే ముదురు లేతల స్థాయి ఒకటే. వాటిని ఒకదాని నుంచి ఒకటి విడదీస్తున్నవి గీతలే.

అప్పుడు ఆకుపచ్చల సంగతీ అర్థమైంది. పక్కపక్కనున్న రెండు ఆకుపచ్చలు ఒకే టోన్‌లో ఉంటే, వాటిని వేరు చేయడానికి ఒకదాన్ని ఇంకాస్త ఘాటుగా చేయక తప్పదు. దాని పక్కది మళ్లీ ఇంకాస్త ఘాటు. వెలుగునీడలు చేయాల్సిన పని రంగు నెత్తిన పడింది. అందుకే ఆయన ట్యూబులు కొంటూ పోయారు.

ఆ కాన్వాసులో ఒక చిన్న భాగం చెప్పాలి. ముందు భాగంలో కంచె కర్ర ఒకటి ఉంది. దూరాన కొండ వాలు మీద, వేలి గోరంత ఇల్లు. కంచె కర్ర అంచున ఎంత మందం ముదురు గీత ఉందో, ఆ ఇంటి కప్పు అంచునా అంతే మందం ఉంది. పైగా ఇంటికి కిటికీ, కిటికీకి ఊచలు. అంత దూరాన ఊచలు మీకెలా కనిపించాయని అడిగాను. ఆయన ఫోను తీసి, ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూపించారు. ఊచలు ఉన్నాయి, నిజమే.

అసలు చిక్కు అక్కడుంది. ఆయన ఫోటో మీద గళ్లు గీసుకుని, ఒక్కో గడిని తెర నిండా పెంచి, కాన్వాసు మీద అదే గడిలో దించుతున్నారు. అలా పెంచిన ప్రతి గడీ దగ్గరి వస్తువే అవుతుంది. కొండ మీది ఇల్లూ, కాలి ముందు గడ్డీ ఒకే దూరానికి వచ్చేస్తాయి. దీనికి తోడు ఫోను కెమెరా సొంత పోకడలున్నాయి. వెడల్పు లెన్సు వల్ల దూరపు కొండలు కళ్లకు కనిపించిన దానికంటే కుంచించుకుపోతాయి, ఎండ గట్టిగా ఉంటే నీడలు నల్లముద్దలవుతాయి.

దూరం గురించి ఆయనకు తెలియక కాదు. గాలి వెలుగును చెదరగొడుతుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ ముదురు రంగులు తేలికపడి నీలం వైపు జరుగుతాయి, తేడాలు తగ్గుతాయి, అంచులు మెత్తబడతాయి. లియొనార్డో డావిన్చీ 500 ఏళ్ల కిందటే రాసిపెట్టిన విషయం ఇది. మా డ్రాఫ్ట్స్‌మన్ కొండకు నీలం వేశారు కూడా. వేసి, దాని చుట్టూ ముదురు గీత గీశారు. తెలిసిన విషయం చేతిదాకా రావడం లేదు, అంతే.

కాబట్టి రంగును పక్కన పెట్టి, టోన్, అంచు అనే రెండింటి మీదే పని చేయాలని నిర్ణయించాం. ఆకుపచ్చ రంగు మీద పని చేయించి ఉంటే ఆయనకు వెంటనే తృప్తిగా ఉండేది. కానీ ఆకుపచ్చ కలపడం ఎంత బాగా నేర్చుకున్నా ఈ కాన్వాసులు మారవు.

గీత మాన్పించే ప్రయత్నాలు

గీతే అడ్డమైతే గీతను ఆపాలన్నది సహజంగా తోచే మార్గం. ఇలాంటి అలవాటు ఉన్నవారిలో చాలామందికి అది సరిపోతుంది కూడా.

ముందు సన్న కుంచెలన్నీ పక్కన పెట్టించి, రెండు అంగుళాల బల్లపరుపు కుంచె ఇచ్చాను. పెద్ద కుంచెతో సన్న గీత రాదు కదా అన్నది ఆలోచన. ఆయన ఆ కుంచెను నిలువుగా తిప్పి, దాని పదునైన అంచుతో గీత లాగారు. స్కేలు పెట్టినంత తిన్నగా వచ్చింది. చూసి ముచ్చటేసింది గానీ మాకు కావలసింది అది కాదు.

తర్వాత మచ్చల పద్ధతి. ఇంగ్లండు చిత్రకారుడు అలెగ్జాండర్ కోజెన్స్ 1785లో ప్రచారంలోకి తెచ్చిన ఉపాయం ఇది. కాగితం మీద సిరా మచ్చలు వేగంగా వేసి, ఆ మచ్చల్లోంచి దృశ్యాన్ని ఊహించాలి. గీతతో ఆలోచించేవారిని ముద్దలతో ఆలోచింపజేయడానికి పనికొస్తుందని నా నమ్మకం. ఆయన మచ్చలు బాగానే వేశారు. ఆరిన తర్వాత పెన్ను తీసుకుని ప్రతి మచ్చ చుట్టూ కొలిచినట్టు హద్దు గీశారు. అవి దీవుల పటాల్లా తయారయ్యాయి.

మూడోది మాధ్యమం మార్చడం. అక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది. అంచు మెత్తబరిచేలోపే గట్టిపడుతుంది. ఆయిల్ అయితే గంటల తరబడి తడిగా ఉంటుంది కాబట్టి రెండు రంగులు కలిసే చోట పొడి కుంచెతో తేలిగ్గా తుడిచి అంచును కరిగించవచ్చు. కారణం సరైనదే, ఈ మార్పు చివరిదాకా నిలిచింది కూడా. కానీ మొదటి వారాల్లో ఆయిల్ ఇచ్చిన వెసులుబాటును ఆయన గీతను సరిచేసుకోవడానికే వాడారు. సమయం ఎక్కువ దొరికింది, గీత ఇంకా నాజూకైంది.

చివరికి ఆరుబయటికి తీసుకెళ్లాను. వాలెన్సియెన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1800లోనే హెచ్చరించాడు: బయట వేసే స్టడీ (అభ్యాస చిత్రం) రెండు గంటలు దాటకూడదు, సూర్యోదయం, సూర్యాస్తమయం అయితే అరగంటే. వెలుగు నిలవదు కాబట్టి వివరాల జోలికి పోయే తీరిక ఉండదని నా అంచనా. ఆయన ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, గడి తర్వాత గడి నింపుకుంటూ వచ్చారు. కుడి అంచుకు చేరేసరికి ఎండ తిరిగిపోయింది. ఎడమ చెట్టు నీడ ఒకవైపు, కుడి చెట్టు నీడ ఇంకోవైపు. ఒక బోర్డులో రెండు పూటలు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1890–91లో గడ్డివాములు వేసినప్పుడు వెలుగు మారిన కొద్దీ కాన్వాసు మార్చేవాడు. మాకు ఒకే బోర్డులో ఆ పని జరిగిపోయింది.

ఈ నాలుగు ప్రయత్నాలకూ పోలిక ఉంది. నాలుగూ ఆయన చేతిని కట్టడి చేయాలని చూశాయి. పాతికేళ్ల సాధన ఉన్న చేయి ప్రతిసారీ ఏదో ఒక సందు వెతుక్కుంది. అంతకన్నా ఆందోళన కలిగించింది ఆయన ముఖం. ఉత్సాహం తగ్గుతోంది. "నా చేతికి ఇది రాదేమో" అన్న మాట రెండుసార్లు విన్నాను. ఆ మాట మూడోసారి వినకముందే దారి మార్చాలనుకున్నాను.

మలుపు

ఒకరోజు పని ఆపి, ఆయన పాత ఇంజినీరింగ్ డ్రాయింగులు తెమ్మన్నాను. తెచ్చిన వాటిలో ఒక సెక్షన్ చూస్తుంటే అసలు ప్రశ్న దొరికింది. ఆ షీటులో గీతలన్నీ ఒకే మందంలో లేవు. కోత పడిన చోట బలమైన గీత, దాని వెనక కనిపించే వాటికి సన్న గీత, కనిపించకుండా మరుగున ఉన్న వాటికి విడివిడి గీత, కొలతలకు అన్నిటికంటే సన్నం. ఏది ముందు, ఏది వెనక, ఏది ముఖ్యం, ఏది కేవలం సమాచారం అన్నది గీత మందమే చెబుతోంది. ఆయన కాన్వాసుల్లో లేనిది సరిగ్గా ఇదే.

అంటే ఆయనకు ఈ తరతమాల జ్ఞానం లేక కాదు. "అసలు బొమ్మలు" వేసేటప్పుడు ఉద్యోగాన్ని పక్కన పెట్టాలని ఆయనే అనుకున్నారు. అలా పెట్టినప్పుడు గీత గీసే అలవాటు చేతిలో మిగిలింది గానీ, ఏ గీత ఎంత మందం ఉండాలో నిర్ణయించే బుద్ధి డ్రాయింగ్ బల్ల దగ్గరే ఉండిపోయింది. నేను చేయించినవీ అదే దిశలో, ఉన్న గీతను కూడా తీసేయమన్నవి.

ఎదురుగా ఉన్న దృశ్యం చూపించి అడిగాను: "ఇది మీకు డ్రాయింగుగా గీయమని వస్తే ఏది బలమైన గీత, ఏది సన్నం, ఏది మరుగు గీత?" ఆయన తడుముకోలేదు. దగ్గరి చెట్టు మాను కుడి అంచు బలమైనది. పొలం గట్టు సన్నం. కొండ శిఖరం? కాస్త ఆలోచించి, "మరుగు గీత" అన్నారు. కొండ మీది ఇంటికి అసలు గీతే అక్కర్లేదన్నారు.

అక్కడి నుంచి మా భాష మారింది. "ఈ అంచు మెత్తబరచండి" అనడం మానేసి "ఇది మరుగు గీత" అనేవాడిని. మరుగు గీత అంటే అంచు రెండు వైపుల టోన్ దగ్గరగా ఉండాలి, తడి మీద తడి తగలాలి. బలమైన గీత అంటే టోన్ తేడా, కత్తిరించినట్టున్న అంచు. ప్రతి చిత్రానికి ముందు పెన్సిలుతో అరచేతి సైజు పథకం గీసి, బలమైన అంచులు మూడే మూడు చోట్ల ఉండేలా గుర్తు పెట్టాలన్నది నియమం. మూడే ఎందుకంటే, ఎక్కువ ఇస్తే ఆయన అన్నీ వాడతారని తెలుసు.

టోన్‌కు కూడా ఆయన వృత్తిలోంచే తలుపు తెరుచుకుంది. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన జాన్ ఎఫ్. కార్ల్‌సన్ అనే చిత్రకారుడు తన విద్యార్థులకు వాలులను బట్టి టోన్ నిర్ణయించడం నేర్పేవాడు. వెలుగుకు మూలం ఆకాశం కాబట్టి అది అన్నిటికంటే లేత. ఆకాశానికి ఎదురుగా వెల్లకిలా పరుచుకున్న నేల రెండోది. వాలుగా ఉన్న కొండ పక్కలు, ఇళ్ల కప్పులు మూడోది. నిటారుగా నిలిచిన చెట్లు ముదురు. మిగతా విద్యార్థులకు దీన్ని చెప్పి, చూపించి, మళ్లీ చెప్పాల్సి వస్తుంది. ఈయన వింటూనే కాగితం మీద ఎదుటి నేలకు సెక్షన్ గీసి, ఒక్కో వాలు పక్కన 1 నుంచి 4 దాకా అంకె వేశారు. "ఇది లెవెల్స్ పనే కదా" అన్నారు. ఆ రోజు ఆయన గొంతులో వచ్చిన తేడా నాకు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత పని చకచకా సాగింది. ఆకుపచ్చ ట్యూబులు మూటగట్టి పెట్టాం. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఆకర్, టైటానియం తెలుపు, ఈ నాలుగే. నీలం, ఆకర్ కలిస్తే మందకొడి ఆకుపచ్చ వస్తుంది. నీలం, సియెన్నా కలిస్తే చల్లని బూడిద నుంచి వెచ్చని బూడిద దాకా ఎన్ని కావాలంటే అన్ని. నాలుగు టోన్లకు నాలుగు కుప్పలు ముందే కలిపి పెట్టుకుని, 6×8 అంగుళాల బోర్డు మీద, గడుల వరసలో కాకుండా బోర్డంతా ఒకేసారి కప్పుతూ వేయడం. కొన్ని వారాల్లో ఆయన బోర్డులు నలుపు తెలుపులోకి మార్చినా దూరం దూరంగానే ఉండడం మొదలైంది. ఆకుపచ్చల గురించి ఆయన మళ్లీ ఎత్తలేదు.

నియమం ముదిరితే

ఇక్కడ ఒక ఇబ్బంది వచ్చింది, ముందే ఊహించదగిందే. నక్షాలు గీసినవారికి నియమం అంటే నియమమే. కార్ల్‌సన్ చెప్పింది పైనుంచి వెలుగు సమంగా పడే వేళలకు బాగా వర్తిస్తుంది. ఎండ వాలినప్పుడు లెక్క తిరగబడుతుంది. సూర్యుడికి ఎదురుగా ఉన్న తెల్లగోడ నేలను మించి వెలుగుతుంది, ఒక్కోసారి దాని వెనకున్న ఆకాశాన్ని కూడా. మంచు పడిన నేల మబ్బు ఆకాశం కంటే లేతగా ఉంటుంది. నీళ్లు తమ ముందున్న దాన్ని చూపిస్తాయి తప్ప వాలుకు లోబడవు. ఒక సాయంత్రం ఎదురుగా గోడ ధగధగలాడుతుంటే ఆయన దానికి 4 వేశారు, నిటారుగా ఉంది కాబట్టి.

నియమం తప్పని చెప్పలేదు. చెబితే మొత్తం వదిలేసేవారు. అంకెలు రెండుసార్లు వేయమన్నాను: ముందు వాలును బట్టి, తర్వాత కళ్లు చికిలించి చూసినదాన్ని బట్టి. రెండు అంకెలూ వేరుపడిన చోటే ఆ పూట ప్రత్యేకత ఉంటుంది, బలమైన అంచు అక్కడ పెట్టమన్నాను. ఈ కేసులో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన మార్పు ఇదే. అప్పటిదాకా ఏం వేయాలన్నది ఫోటో నిర్ణయించేది, తర్వాత నియమం నిర్ణయించింది. ఇప్పుడు ఆ రెండు అంకెల మధ్య తేడా చూసి ఆయనే నిర్ణయించాల్సి వచ్చింది.

ఫోటో లేకుండా

చివరి అడుగు జ్ఞాపకం నుంచి వేయడం. దీనికి అమెరికన్ చిత్రకారుడు విస్లర్‌ను తోడు తెచ్చుకున్నాను, కావాలనే. అతను 1854–55లో అమెరికా తీరప్రాంత సర్వే కార్యాలయంలో నక్షాలు చెక్కే పని చేశాడు. కాలిఫోర్నియా దగ్గరి అనకాపా దీవి తీరాన్ని చెక్కిన ఫలకంలో, ఎవరూ అడగకుండానే పక్షుల గుంపును చేర్చాడు. ఆ ఉద్యోగం ఎక్కువ రోజులు సాగలేదు. 1870లలో లండన్‌లో థేమ్స్ నది రాత్రి దృశ్యాలు వేసినప్పుడు, ఒడ్డున నిలబడి చూసి, వెనక్కి తిరిగి, చూసినదంతా పక్కనున్నవారికి అప్పజెప్పేవాడు. అప్పజెప్పగలిగింది మర్నాడు స్టూడియోలో వేసేవాడు.

విస్లర్ కూడా నక్షాల మనిషే అని తెలియగానే మా డ్రాఫ్ట్స్‌మన్ చెవి ఒగ్గారు. శాండ్‌బీ కథ చెప్పినప్పుడు లేని ఆసక్తి ఇప్పుడెందుకు వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఈసరికి ఉద్యోగపు చేయి అంటే ఆయనకు చిన్నచూపు పోయింది.

మేమూ అలాగే చేశాం. చూడడం, వెనక్కి తిరగడం, మాటల్లో చెప్పడం. ఆయన చెప్పే తీరు మొదట్లో సామాన్ల జాబితాలా ఉండేది: చెట్లు ఇన్ని, స్తంభాలు ఇన్ని. నేను నోట్ చేసుకుని, ఏ మాట లేకపోయినా దృశ్యం నిలుస్తుందో అవన్నీ కొట్టేయమనేవాడిని. రానురాను "కొండ ఆకాశంలో కలిసిపోయింది, కాలువ ఒక్కటే తెల్లగా" అనే దగ్గరికి వచ్చారు. ఆ మాటతో వేసిన బోర్డులో కాలువ అంచు ఒక్కటే కత్తిరించినట్టుంది. కొండ ఎక్కడ ముగిసిందో చూపించమంటే ఎవరూ వేలు పెట్టలేరు. గీత గీయడంలో ఆరితేరిన మనిషి గీత ఎక్కడ వద్దో తేల్చుకున్న తొలి చిత్రం అది. దాన్ని పెద్ద కాన్వాసుకు మారుస్తానంటే కొన్నాళ్లు ఆగమన్నాను. సైజు పెరిగితే ఖాళీ పెరుగుతుంది, ఖాళీ చూస్తే ఆయన చేయి ఊచలు వెతుక్కుంటుంది.

ఏం నిలిచింది, ఏది అందరికీ కాదు

గీత మందాల భాష ఈయనకు పనిచేసింది కదా అని అందరికీ పనిచేయదు. దాదాపు అదే కాలంలో, బట్టల డిజైన్లు వేసి వచ్చిన ఒకరికి ఇదే చెబితే అయోమయపడ్డారు. ఆమెకు దూరం కంటే పునరావృత్తి, రంగుల పొందిక ముఖ్యం. ఆమెతో మొదలుపెట్టాల్సిన చోటు వేరు. కాబట్టి ఇప్పుడు కొత్తవారు వచ్చినప్పుడు బొమ్మలతో పాటు పాత వృత్తిలో చేసిన పని కూడా తెమ్మంటున్నాను. అందులో దేన్ని ఎలా ముందుకు, వెనక్కి పెడతారో చూస్తాను. వారు దాచిపెట్టాలనుకునే పనిలోనే చాలాసార్లు నాకు కావలసిన పట్టు దొరుకుతోంది.

పద్ధతుల వరస కూడా ముఖ్యమే. ఆరుబయట పని, ఆయిల్ మాధ్యమం, ఈ రెండూ మొదట విఫలమైనవే, తర్వాత నిలిచినవీ అవే. మొదటిసారి వాటికి ముందు ఒక నిర్ణయం లేదు. అంచుల పథకం చేతిలో ఉన్నాక అదే ఆయిల్, అదే ఎండ, ఆయనకు అనుకూలంగా మారాయి. మచ్చల పద్ధతి మాత్రం ఆయనకు ఇప్పటికీ పడదు, దాని జోలికి వెళ్లడం లేదు.

మిగిలిపోయిన సమస్య ఆకాశం. మేఘానికి వాలు లేదు, సెక్షన్ లేదు, హద్దు లేదు. ఆయన చేతికి పట్టు దొరికే చోటే లేదు. ఇంగ్లండు చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1821–22లో లండన్ దగ్గరి హాంప్‌స్టెడ్‌లో ఉత్త ఆకాశాలే వేసి, చాలా వాటి వెనక తేదీ, వేళ, గాలి దిశ రాసుకున్నాడు. ఆ రాసుకోవడం మా డ్రాఫ్ట్స్‌మన్‌కు వెంటనే నచ్చింది. ఇప్పుడు రోజుకో చిన్న ఆకాశం వేస్తున్నారు, వెనక వేళతో సహా అన్నీ పొందికగా నింపుతున్నారు. ప్రస్తుతానికి బోర్డు ముందు వైపు కంటే వెనక వైపే బాగుంది.